మేకు దిగిన కాలు: టీటీ వేయించాం కదా, ఇంకేంటి?

మా బాబాయి ఇల్లు కట్టుకుంటున్నప్పటి సంగతి. స్లాబు పోసి మూడు వారాలయింది, ఆ రోజు సెంట్రింగ్ విప్పుతున్నారు. విప్పిన చెక్కలు మేకులు పైకి చూస్తూ ఎక్కడ పడితే అక్కడ పడున్నాయి. బాబాయి హవాయి చెప్పులేసుకుని మేస్త్రీతో మాట్లాడుతూ ఒక్క అడుగు వెనక్కి వేశాడు. చెక్క, చెప్పు, కాలు మూడూ ఒకటైపోయాయి. మేస్త్రీ ఆ చెక్కను తన కాలితో తొక్కిపట్టి "గట్టిగా లాగండి బాబుగారూ" అంటే పళ్ళు బిగించి లాగాడు. రక్తం ఎంతా అంటే రెండు చుక్కలు. బొటనవేలి మొదట్లో, అరికాలి వైపు, కందిగింజంత బూడిదరంగు మచ్చ. అంతే.

తర్వాత అరగంట ఇంట్లో పెద్ద సభ. నాన్నమ్మ కాఫీ పొడి డబ్బా తెచ్చింది. పక్కింటి పెద్దాయన ఆముదం కాచి, పసుపు కలిపి, వత్తితో వేడివేడిగా అద్దమన్నాడు. పిన్ని "నీళ్ళు మాత్రం తగలనివ్వకండి, చీము పడుతుంది" అంది. మేస్త్రీ "తుప్పు మేకండీ, టీటీ చేయించేయండి, ఇంకేం భయం లేదు" అన్నాడు. చివరికి అందరి మాటా నెగ్గింది. కాఫీ పొడి పెట్టారు, కాచిన నూనె అద్దారు, నీళ్ళు తగలనివ్వలేదు, సాయంత్రం ఆర్ఎంపీ దగ్గర టీటీ చేయించారు. ఆయన అదే చేత్తో రెండు రోజులకి యాంటీబయాటిక్ మాత్రలు కూడా ఇచ్చాడు. నాలుగో రోజుకి నొప్పి తగ్గింది. తొమ్మిదో రోజు రాత్రి సలుపు మొదలైంది.

"టీటీ వేయించాం కదరా, మరి ఇదెందుకొచ్చింది?" అని ఆ రాత్రి ఫోన్లో అడిగాడు బాబాయి. ఆయన ఒక్కడి సందేహం కాదిది. మన ఇళ్ళల్లో కాల్లో మేకు దిగిందంటే వైద్యమంతా ఆ ఒక్క సూదితో సరి. కానీ అక్కడ వేర్వేరు ప్రమాదాలు మూడున్నాయి. ధనుర్వాతం ఒకటి. మామూలు క్రిములు చేరి చీము పట్టడం ఇంకొకటి. లోపల ఏదో ముక్క ఉండిపోవడం మూడోది. టీటీ చూసుకునేది మొదటిదాన్నే. చీముకీ, లోపల మిగిలిన ముక్కకీ ఆ సూదితో సంబంధమే లేదు. మామూలుగా మనుషుల్ని ఆస్పత్రి చుట్టూ తిప్పేది మాత్రం ఆ రెండే.

మూతి చిన్నది, లోతు ఎక్కువ

కత్తిపీట మీద వేలు తెగితే రక్తం ధారగా కారుతుంది, చూస్తే కళ్ళు తిరుగుతాయి. కానీ ఆ రక్తమే లోపలి మురికిని కొంత బయటికి తోసేస్తుంది. గాయం నోరు తెరుచుకుని ఉంటుంది కాబట్టి కడగడం కూడా తేలికే. మేకు గాయం అలా కాదు. అరికాలి చర్మం మందం, పైగా సాగుతుంది. మేకు బయటికి రాగానే కన్నం దానంతటదే మూసుకుపోతుంది. మేకు మోసుకెళ్ళిన మట్టి, చెప్పు రబ్బరు, సాక్సు నూలు, చర్మపు పొర అన్నీ లోపలే చిక్కుకుంటాయి. అక్కడ గాలి ఆడదు. రక్తం కూడా పెద్దగా కారదు కాబట్టి కొట్టుకుపోయేదీ ఉండదు. పైనుంచి చూసేవాళ్ళకి మాత్రం ఆవగింజంత గాయం.

ఎక్కడ దిగిందన్నదీ చూడాలి. మడమ కింద కొవ్వు దిండులా ఉంటుంది, కొంత కాపాడుతుంది. అలాగని అక్కడ ఎముకకి ఏమీ కాదని కాదు. వేళ్ళ మొదళ్ళ దగ్గర, అంటే నడిచేటప్పుడు బరువు ఆనే చోట, చర్మానికీ ఎముకకీ మధ్య దూరం తక్కువ. కీళ్ళు అక్కడే ఉన్నాయి, వేళ్ళని ముడిచే తాళ్ళలాంటి స్నాయువులూ అక్కడినుంచే వెళ్తాయి. మూడంగుళాల మేకు మీద మనిషి బరువంతా పడితే అది కీలు దాకా వెళ్ళడం ఎంతసేపు! బాబాయికి దిగింది సరిగ్గా అక్కడే.

కుళాయి దగ్గరికి

పచ్చి గాయానికి నీళ్ళు తగలకూడదన్నది మన దగ్గర గట్టి నమ్మకం. చెరువు నీళ్ళే దిక్కయిన రోజుల్లో ఆ మాటకి అర్థం ఉండి ఉండొచ్చు. ఇప్పుడు ఇంట్లో తాగే నీళ్ళున్నాయి. గాయం కడగడానికి సెలైనే కావాలని లేదు, తాగడానికి పనికొచ్చే నీళ్ళు సరిపోతాయి. కాలవ నీళ్ళు, గేదెల తొట్టి నీళ్ళు మాత్రం వద్దు.

ముందు మీ చేతులు సబ్బుతో కడుక్కోండి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో కాసేపు అదిమి పట్టండి. ఆగాక కుళాయి కింద పాదం పెట్టి, సబ్బు నురగతో చుట్టూ రుద్ది, ఐదు పది నిమిషాల పాటు నీళ్ళు ధారగా పోనివ్వాలి. ఐదు నిమిషాలంటే నిజంగా గడియారం చూసి ఐదు నిమిషాలు. మనం కడిగాం అనుకునేది మామూలుగా పది సెకన్ల పని. వేళ్ళని కొంచెం వెనక్కి వంచితే అరికాలి చర్మం సాగి కన్నం కాస్త తెరుచుకుంటుంది. కొంచెం రక్తం వస్తే రానివ్వండి. అలాగని నిమ్మకాయ పిండినట్టు పిండొద్దు. లోపలి కండ నలిగితే క్రిములకే లాభం.

తర్వాత పొడిగుడ్డతో అద్ది, పైన కాస్త బెటాడిన్ రాసి, గాజ్ గుడ్డ, అంటే కట్లు కట్టే పల్చటి గుడ్డ, వదులుగా కట్టి ఉంచితే చాలు. కన్నాన్ని టేపుతో, జిగురుతో బిగించి మూసేయకూడదు. లోపల ద్రవం ఊరితే బయటికి దారి ఉండాలి. కట్టు రోజూ మార్చాలి, తడిస్తే అప్పుడే మార్చాలి. రెండు రోజులు ఆ కాలి మీద బరువు వేయకుండా, కూర్చున్నప్పుడు దిండు మీద ఎత్తి పెట్టుకుంటే వాపు తగ్గుతుంది. నొప్పికి పారాసెటమాల్ చాలు.

ఇక పెట్టకూడనివి. కాఫీ పొడి, సున్నం, పొగాకు, టూత్‌పేస్టు, పేడ, బూడిద, కిరోసిన్. ఊరూరికీ ఈ జాబితా మారుతుంది గానీ పని ఒకటే, గాయం మూతికి బిరడా బిగించడం. మర్నాడు డాక్టరు చూడబోతే ఎర్రబడిందో లేదో కూడా తెలియనివ్వవు. పసుపు మీద నాకు కోపమేం లేదు, కూరలో ఉండాల్సిందే. కానీ డబ్బాలోని పసుపు శుభ్రమైన మందేమీ కాదు, పైగా రెండంగుళాల లోతుకి దిగనూ దిగదు. హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే బుసబుస నురగొస్తుంది, క్రిములు చస్తున్నాయని సంబరపడతాం. దాంతోపాటు గాయం మానడానికి పనికొచ్చే కణాలూ దెబ్బతింటాయి. నీళ్ళు కలపని డెట్టాల్ సంగతీ అంతే, చర్మం కాలుతుంది.

కాచిన నూనె గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే దాని వెనక ఉన్న తర్కం వినడానికి బాగుంటుంది. వేడికి క్రిమి చావాలి కదా? 1889లో బెర్లిన్‌లో పనిచేస్తున్న జపాన్ శాస్త్రవేత్త కిటసాటో షిబసాబురో ధనుర్వాతం క్రిమిని వేరుచేసి పెంచగలిగింది ఈ వేడి పుణ్యాన్నే. గాయం నుంచి తీసిన ద్రవంలోని క్రిములని ఆయన ముందు పెంచి, తర్వాత 80 డిగ్రీల దగ్గర వేడి చేశాడు. మిగతా క్రిములన్నీ చచ్చాయి, ఇది మిగిలింది. గింజలాంటి గట్టి పెంకులో దాక్కుని బతికింది. దాన్ని గాలి తగలకుండా హైడ్రోజన్ వాయువులో పెంచాడు. ఇంట్లో వత్తితో అద్దే నూనె కాలిని కాలుస్తుంది గానీ ఆ గింజని ఏం చేయలేదు. కాలిన కండ చచ్చి, గాలాడని చోటు ఇంకాస్త పెరుగుతుంది. ఆ క్రిమికి కావాల్సింది అదే.

ముల్లును ముల్లుతోనే తీయాలా?

మన పొలాల్లో మేకు కంటే ముల్లే ఎక్కువ. తుమ్మ, రేగు, ఈత, అన్నిటినీ మించి రోడ్ల పక్కన అడవిలా పెరిగిన సర్కారు తుమ్మ. పైకి తేలి కనిపిస్తున్న ముల్లుని ఇంట్లో తీయొచ్చు. పిన్నీసు కంటే సన్నటి పట్కారు నయం. ఏదైనా సరే ముందు మరిగే నీళ్ళలో కాసేపు ఉంచాలి. గుచ్చుకున్న దారినే, అదే కోణంలో లాగాలి. కనిపించని ముల్లు కోసం పిన్నీసుతో కెలకడం మాత్రం మానుకోవాలి. దానికోసం తవ్వేకొద్దీ అది ముక్కలై లోపలికే పోతుంది. ముల్లు దానంతటదే బయటికొస్తుందని జిల్లేడు పాలు పోసేవాళ్ళని చూశాను. ఆ పాలు చర్మాన్ని పొక్కిస్తాయి, అదే చేత్తో కన్ను నలుపుకుంటే కంటి నల్లగుడ్డు మీదికి తెస్తాయి.

మేకుకి వేరే లెక్క. అది బయటికొచ్చాక పారేయొద్దు. మొన విరిగిందేమో చూడండి. చెప్పు చూడండి. మేకు చెప్పులోంచి దూరినప్పుడు రబ్బరుని చీల్చుకుని పోతే సరే, ఒక్కోసారి బిళ్ళలా కోసి తనతో తీసుకుపోతుంది. చెప్పుకి చీలికలా ఉందా, గుండ్రటి బొక్క పడిందా? బొక్క పడితే ఆ ముక్క ఎక్కడ? అర నిమిషం పట్టే ఈ పని మా ఇంట్లో ఆ రోజు ఎవరికీ తట్టలేదు.

ఊచలాంటిది లోతుగా దిగి ఇరుక్కుపోతే లాగకుండా, కదలకుండా చుట్టూ గుడ్డ కట్టి ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. అది లోపల ఏ రక్తనాళానికి అడ్డుపడి ఉందో బయటినుంచి తెలియదు.

ఎక్స్‌రే తీశాం, ఏం లేదన్నారు అనే ధీమా కూడా పూర్తి ధీమా కాదు. ఎక్స్‌రేలో ఇనుము తెల్లగా కనిపిస్తుంది, గాజు చాలావరకు కనిపిస్తుంది. ముల్లు, చెక్క పేడు, రబ్బరు చాలాసార్లు కనిపించవు. వాటికి అల్ట్రాసౌండ్ నయం. ఏం గుచ్చుకుందో డాక్టరుకి సరిగ్గా చెబితేనే ఏ పరీక్ష చేయాలో ఆయనకి తెలుస్తుంది.

తుప్పు, టీటీ, ఒక పెద్ద గందరగోళం

తుప్పు వల్ల ధనుర్వాతం రాదు. 1884లో జర్మనీలో ఆర్థర్ నికోలాయర్ తోటమట్టిని జంతువుల చర్మం కిందికి ఎక్కిస్తే వాటికి ధనుర్వాతం వచ్చింది. తుప్పు ఊసే లేదక్కడ. క్లాస్ట్రిడియం టెటని అనే ఆ బ్యాక్టీరియా మట్టిలో, పశువుల పేడలో, దుమ్ములో గింజల రూపంలో ఏళ్ళ తరబడి పడి ఉంటుంది. తుప్పు మేకు ఆరుబయట మట్టిలో పడి ఉంటుంది కాబట్టి, దాని గరుకు ఒంటికి మురికి అంటుకుంటుంది కాబట్టి నింద దాని మీద పడింది. పశువుల పాకలో పడిన కొత్త మేకుకీ, తుమ్మముల్లుకీ అంతే ప్రమాదం. తళతళలాడుతోందని వదిలేయడానికి లేదు.

గాలాడని గాయంలో ఆ గింజ మొలకెత్తి విషం తయారుచేస్తుంది. విషం నరాల వెంట వెన్నుపాము దాకా పాకుతుంది. గాయమైన మూడు రోజుల నుంచి మూడు వారాల లోపు, ఎక్కువగా వారం అటూ ఇటూగా, దవడ బిగుసుకోవడంతో మొదలవుతుంది. నోరు తెరవలేరు, మింగలేరు. చిన్న చప్పుడుకి ఒళ్ళంతా కొయ్యబారి, వీపు విల్లులా వంగుతుంది. ధనుస్సు అన్న మాట అందుకే ఆ పేరులో ఉంది. వెంటిలేటర్ ఉన్న ఐసీయూలో కూడా కొందరు దక్కరు. ఇంకో విచిత్రం, ఒకసారి వచ్చి బతికినవాళ్ళకి కూడా మళ్ళీ టీకా వేయాల్సిందే. మనిషిని పడగొట్టడానికి సరిపోయే ఆ కాస్త విషం, శరీరం దాన్ని గుర్తుపెట్టుకోవడానికి చాలదు.

మరి టీటీ ఏం చేస్తుంది? అది మందు కాదు, టీకా. గాయంలోకి వెళ్ళి క్రిములని చంపదు. ఆ విషాన్ని ఎలా ఎదుర్కోవాలో శరీరానికి ముందే నేర్పి ఉంచుతుంది. చిన్నప్పుడు మొదటి మూడు డోసులూ పడినవాళ్ళకి ఆ పాఠం గుర్తుంటుంది. దెబ్బ తగిలాక వేసే డోసు దాన్ని గుర్తుచేస్తుంది, కొద్ది రోజుల్లో రక్షణ పెరుగుతుంది. అసలు పాఠమే నేర్చుకోని ఒంటికి గాయమయ్యాక ఒక్క డోసు వేస్తే అది నేర్చుకునే లోపు క్రిమి తన పని ముగించగలదు. అలాంటివాళ్ళకి మురికి గాయమైతే టీకాతో పాటు ఇమ్యూనోగ్లోబులిన్ అని ఇంకొకటి ఇస్తారు. ఇది తయారుగా ఉన్న విరుగుడు, మామూలుగా 250 యూనిట్లు, టీకా వేసిన చేతికి కాకుండా ఇంకో చోట. తర్వాత నాలుగు వారాలకి టీకా రెండో డోసు, ఆపైన ఆరు నెలల నుంచి ఏడాదిలోపు మూడోది. మేకు దిగినవాళ్ళని "జీవితంలో మొత్తం ఎన్ని టీటీలు పడ్డాయి?" అని అడగడం నేను చాలా తక్కువగా విన్నాను. అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.

లెక్క ఇలా ఉంటుంది. మూడు డోసులూ పూర్తయి, చివరిది ఐదేళ్ళ లోపు పడి ఉంటే మేకు దిగినా మళ్ళీ అక్కర్లేదు. ఐదేళ్ళు దాటితే ఇలాంటి లోతు గాయానికి ఒక డోసు వేయించుకోవాలి. అదే శుభ్రమైన చిన్న గీత అయితే పదేళ్ళ దాకా ఆగొచ్చు. గుర్తులేదంటే పడనట్టే లెక్క. "ఆరు నెలలకోసారి టీటీ" అన్న మన అలవాటుకి ఆధారం లేదు. మరీ తరచుగా వేయించుకుంటే చెయ్యి మోచేతి దాకా వాచి ఎర్రబడేవాళ్ళూ ఉన్నారు. "24 గంటలు దాటితే పనిచేయదు" అన్నదాన్ని కూడా పట్టుకోవద్దు. ఎంత తొందరగా అయితే అంత మంచిదే, కానీ రెండో రోజు గుర్తొచ్చినా వెళ్ళి వేయించుకోవాలి. ప్రభుత్వ కేంద్రాల్లో ఇప్పుడు టీటీ బదులు టీడీ వేస్తున్నారు, అందులో డిఫ్తీరియా, అంటే కంఠసర్పి టీకా కూడా కలిసి ఉంటుంది. "టీటీ లేదంట, ఇంకేదో వేశారు" అని కంగారుపడాల్సిన పనిలేదు.

ఒకే ఇంట్లో ఆడవాళ్ళకి ఈ రక్షణ ఎక్కువగా ఉండి, మగవాళ్ళకి తక్కువగా ఉండే అవకాశం ఉంది. గర్భంతో ఉన్నప్పుడు ఆడవాళ్ళకి ఈ టీకాలు పడతాయి. తల్లులకీ, పురిటి బిడ్డలకీ వచ్చే ధనుర్వాతాన్ని మన దేశం 2015లో నిర్మూలన స్థాయికి తెచ్చింది ఆ టీకాలతో, శుభ్రమైన కాన్పులతోనే. ఇప్పటి పిల్లలకి ఆరు, పది, పద్నాలుగు వారాల్లో, తర్వాత ఏడాదిన్నర ప్రాంతంలో, ఐదారేళ్ళకి, పదికి, పదహారుకి ఒక వరసలో పడుతున్నాయి. దేశంలో పిల్లల టీకాల కార్యక్రమం 1978లో మొదలైంది. అంతకుముందు పుట్టి, పొలంలో చెప్పుల్లేకుండా తిరిగే మన పెద్దవాళ్ళలో చాలామందికి మూడు డోసులు వరసగా పడి ఉండవు. వాళ్ళకి గాయం అయ్యేదాకా ఆగకుండా పీహెచ్‌సీకో, బస్తీ దవాఖానాకో తీసుకెళ్ళి మొదలుపెట్టించొచ్చు.

తగ్గి, మళ్ళీ వచ్చిన నొప్పి

మామూలుగా అయితే మేకు గాయం రెండు మూడు రోజుల్లో తగ్గుముఖం పట్టాలి. మూడో రోజుకి నొప్పి తగ్గకుండా పెరుగుతోందంటే, రాత్రి పడుకున్నా సలుపుతోందంటే, చుట్టూ ఎర్రగా వేడిగా ఉందంటే, ఎర్రటి గీత పాదం మీదినుంచి పైకి పాకుతోందంటే, గజ్జల్లో బిళ్ళ కట్టిందంటే, జ్వరం వచ్చిందంటే అది ఇంటి వైద్యం పరిధి దాటిపోయినట్టే. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అదే రోజు వెళ్ళాలి.

బాబాయి కాలు ఇంకో రకం. ముందు తగ్గి, వారం దాటాక మళ్ళీ మొదలవడం. చెప్పు లేదా బూటు అడుగు గుండా మేకు దిగినవాళ్ళలో ఇది డాక్టర్లకి బాగా తెలిసిన కథ. చెమటకి తడిసే స్పోర్ట్స్ షూ లోపలి స్పాంజిలో సూడోమొనాస్ అనే బ్యాక్టీరియా కాపురం ఉంటుంది. మేకు దాన్ని ఎముక దాకా మోసుకెళ్తుంది. జ్వరం ఉండకపోవచ్చు, పైన గాయం మానిపోయి ఉండొచ్చు, అడుగు వేస్తే మాత్రం ప్రాణం పోతుంది. ఎముకకి పట్టిన మార్పు ఎక్స్‌రేలో కనిపించడానికి పది పద్నాలుగు రోజులు పడుతుంది కాబట్టి మొదట్లో తీసిన ఫిల్ము శుభ్రంగానే ఉంటుంది. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మామూలు యాంటీబయాటిక్స్‌లో చాలావాటికి ఈ సూడోమొనాస్ లొంగదు. రెండు రోజుల మాత్రలు నొప్పిని కొన్నాళ్ళు కప్పిపెడతాయి, అంతే. గాయం తగిలిన ప్రతివాళ్ళకీ యాంటీబయాటిక్ అక్కర్లేదు. అక్కరపడితే ఏది, ఎన్ని రోజులు అన్నది కాలు చూసిన డాక్టరే చెప్పాలి.

షుగర్ ఉన్నవాళ్ళకి పైన రాసిన మూడో రోజు లెక్క వర్తించదు. వాళ్ళు మొదటి రోజే వెళ్ళాలి. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం దేశంలో సుమారు 10.1 కోట్ల మందికి షుగర్ ఉంది. ఏళ్ళు గడిచేకొద్దీ పాదాల్లో స్పర్శ తగ్గుతుంది, రక్తం సరిగా అందదు. మేకు దిగినా తెలియదు. సాయంత్రం చెప్పు విప్పితే సాక్సుకి రక్తం కనిపించి అప్పుడు వెతికేవాళ్ళున్నారు. నొప్పి లేదు కాబట్టి చిన్నదే అనుకుంటారు. వాళ్ళ విషయంలో నొప్పి లేకపోవడమే భయపడాల్సిన సంగతి. ఉప్పు వేసిన వేడినీళ్ళలో కాలు పెట్టుకోవడం మిగతావాళ్ళకి హాయిగా ఉంటుందేమో గానీ, స్పర్శ లేని కాలు అందులో బొబ్బలెక్కుతుంది. స్టెరాయిడ్లు వాడేవాళ్ళు, కీమో చేయించుకుంటున్నవాళ్ళు, కాళ్ళకి రక్తం సరిగా అందనివాళ్ళు కూడా ఇదే దారిలో మొదటి రోజే వెళ్ళాలి.

ఏం గుచ్చుకుందో చూడనప్పుడు

చీకట్లో గట్టు మీద నడుస్తూ "ముల్లేదో గుచ్చుకుంది" అని ఇంటికొచ్చి పడుకున్నవాళ్ళ కథలు మన ఊళ్ళలో ఉన్నాయి. కట్లపాము కాటు పెద్దగా నొప్పి ఉండదు, గుర్తు కూడా సరిగా కనిపించకపోవచ్చు. గంటలు గడిచాక కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దవుతుంది. రక్తపింజర అయితే వాపు, చిగుళ్ళ నుంచి రక్తం. చీకట్లో, గడ్డిలో, వడ్ల కుప్ప దగ్గర, ఏది గుచ్చుకుందో చూడకపోతే, ముల్లు చేతికి దొరకకపోతే పాము కాటే అనుకుని ఆస్పత్రికి పోవాలి. కట్టు బిగించడం, కోసి పీల్చడం వద్దు. ఆస్పత్రిలో ఓ గాజు గొట్టంలో రక్తం తీసి ఇరవై నిమిషాల్లో గడ్డకడుతుందో లేదో చూస్తారు, మనిషిని కనిపెట్టి ఉంచుతారు. చివరికి ముల్లే అని తేలితే పోయేది ఒక రాత్రి నిద్ర.

వరద నీళ్ళలోనూ ఇదే తంటా. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీల్లో, మున్నేరు పొంగి ఖమ్మంలో నీళ్ళు చేరినప్పుడు జనం నడుము లోతులో నడిచారు. కింద రేకు ఉందో, మేకు ఉందో, గాజు ఉందో ఎవరికీ కనిపించదు. ఆ నీళ్ళలో మురుగంతా కలిసి ఉంటుంది. అలాంటి చోట గుచ్చుకున్నదాన్ని చిన్నదని ఇంట్లో కూర్చోబెట్టకూడదు. చెత్త ఎత్తేవాళ్ళకి వాడేసిన సిరంజి సూది గుచ్చుకుంటే కథ ఇంకొకటి. కడిగేసి వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు ఎంత తొందరగా మొదలుపెడితే అంత మేలు, 72 గంటలు దాటితే లాభం ఉండదు. హెపటైటిస్ బి సంగతి కూడా అప్పుడే అడగాలి.

ముల్లు లోపల మిగిలిపోతే ఏళ్ళ తరబడి కూడా తిరగొచ్చు. ఆనెకాయ అనుకుని బ్లేడుతో చెక్కుకుంటూ ఉంటారు, కింద విరిగిన ఈతముల్లు ఉంటుంది. నొప్పి లేకుండా పాదం మెల్లగా ఉబ్బి, కన్నాలు పడి, వాటిలోంచి నల్లగానో తెల్లగానో రవ్వలు రాలుతుంటే అది మైసిటోమా. చెప్పుల్లేని పాదంలోకి ముల్లు వెంట దూరిన ఫంగస్ లేదా బ్యాక్టీరియా పని. 1842లో మధురైలో జాన్ గిల్ అనే డాక్టరు దీన్ని గుర్తించి రాశాడు, అందుకే మధుర పాదం అన్న పేరు ప్రపంచమంతా నిలిచింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని నిర్లక్ష్యానికి గురైన జబ్బుల జాబితాలో చేర్చింది 2016లో.

బాబాయిని పదో రోజు పొద్దున టౌన్లో సర్జన్ దగ్గరికి తీసుకెళ్ళాం. ఎక్స్‌రేలో ఏం కనిపించలేదు. ఆయన "ఏ చెప్పులండీ?" అని అడిగాడు. నేను బండి మీద ఇంటికెళ్ళి ఆ హవాయి చెప్పు పట్టుకొచ్చాను. ఎత్తి వెలుతురుకి పెడితే నీలం రబ్బరులో గుండ్రంగా, గుద్ది తీసినట్టు బొక్క. అల్ట్రాసౌండ్ చేస్తే వేళ్ళ మొదట్లో చీము, మధ్యలో చిన్న నీడ. మత్తిచ్చి తెరిచి తీశారు. బియ్యపు గింజంత రబ్బరు ముక్క, గాజ్ గుడ్డ మీద పెట్టి చూపించారు, కడిగాక నీలం రంగు కూడా తేలింది. ఎముకకి ఇంకా పట్టలేదన్నారు. కుట్లు వేయకుండా తెరిచే ఉంచి రోజూ కట్టు మార్చారు.

ఇంటికి పంపేటప్పుడు నాన్నమ్మ డాక్టరుని పక్కకి పిలిచి గొంతు తగ్గించి అడిగింది. "పప్పు పెట్టొచ్చా బాబూ? చీము పడుతుందని పది రోజుల్నించీ పెట్టట్లేదు."

"పప్పు పెట్టండమ్మా, రెండు గుడ్లు కూడా పెట్టండి. పుండు మానాలంటే ఒంటికి అవే కావాలి" అన్నాడాయన. ఆ మధ్యాహ్నం బాబాయి కాలు స్టూలు మీద పెట్టుకుని, ముద్దపప్పులో నెయ్యి వేయించుకుని, ఆవకాయ నంజుకుంటూ రెండోసారి కూడా పెట్టించుకున్నాడు.